పడదు

ఆదోని పత్తి యార్డు ఎదురు సందులో
మూడో షాపు నాది.
బోర్డు మీద మద్దిలేటి చికెన్ సెంటర్,
పక్కన రంగు వెలిసిన కోడి బొమ్మ,
ఆ బొమ్మ నీడలో పండుకుండేది నా కుక్క, బెల్లం.

మొదట కాళ్ళు నాకబట్టె.
కుక్కన్నాక నాకదా ఏంది, అనుకుంటి.
తర్వాత చెవులు. తల విదిలిస్తే
టపటపమని తోలుచెప్పులు కొట్టుకున్న సద్దు.
చంకల కింద బొచ్చంతా రాలి
ఉడికిన శనక్కాయ లోపలి పొట్టు రంగు తేలె.
రాత్రంతా గీరుకుంటాంటే
మోకాలు రేకుల తలుపుకు తగిలి
ఎవరో తెలియనోళ్ళు వచ్చి తట్టినట్టుండేది.

"జిన్నింగు మిల్లు దూది, గాలికొస్తాది" అనె తూకాల సుంకన్న.
"గోమార్లు" అనె వాళ్ళమ్మ, వేపాకు నూరిచ్చె.
వేప పూస్తిమి, పసుపు పూస్తిమి.
మెడికల్ షాపోడు మనుషుల మాత్ర సగం విరిచిచ్చె.
రెండు దినాలు మత్తుగా నిద్రపోయె,
మూడో దినం మళ్ళా అదే గోకుడు.

ఆఖరికి పశువుల ఆస్పత్రికి పోతిమి,
బర్రెలకూ గొర్రెలకూ నడమ నిలబడి.
షమీమ్ మేడం బొచ్చు పాయలు తీసి చూసె,
తెల్ల కాగితం మీద దువ్వి
రాలిన నలుసుల్ని నీళ్ళతో తడిపి చూసె,
ఎరుపు తేలలే. "కుక్కీగలు కాదు" అనె.
"వానకాలం ఎక్కువైతాదా?"
"పన్నెండు నెలలూ ఒకటే, మేడం."
"ఏం తింటాది?"

నేను షాపు పేరు చెప్తి.
ఆయమ్మ పెన్ను మూసి, తెరిచి, మళ్ళా మూసె.

ఎనిమిది వారాలంట.
ఇంతవరకూ తినని మాంసం ఒకటి, తినని గింజ ఒకటి.
పొట్టేలు మాంసం, కొర్రన్నం.
ఎముక లేదు, బిస్కెట్ లేదు, టీలో ముంచిన బన్ను లేదు.
"ఒక్క ముక్క లోపలికి పోయినా
మళ్ళా ఒకటో దినం నుంచి లెక్క."

ఎదురుగానే ఖలీల్ మటన్ షాపు.
పద్నాలుగేండ్లలో ఆ మెట్టు ఎక్కింది లేదు.
పావు కిలో అడిగితే
"ఇంటికి చుట్టాలా అన్నా?" అనె.
ఊ అంటి.

మూడో వారానికి ఎరుపు తగ్గె.
నాలుగో వారం మళ్ళా ఒళ్ళంతా దద్దుర్లు.
షాపు పిల్లోడు ఉరుకుందప్పను పట్టుకుంటి,
"నువ్వే పెట్టింటావు దొంగతనంగా!"
కత్తి కింద పెట్టి ఏడ్చె వాడు,
"ఈరన్నసామి తోడు, పెట్టలేన్నా."

ఆ రాత్రి గడపలో కూచుంటే
బెల్లం వచ్చి నా చెయ్యి నాకె,
దినామూ నాకినట్టే,
గోర్ల సందులు, ఉంగరం కింద, మణికట్టు మడత,
ఓపిగ్గా, ఏ మూలా వదలకుండా.

పొద్దున నుంచి కోళ్ళు కోసిన చెయ్యి.
నేను ప్రేమనుకున్నది
సగం ప్రేమే,
మిగిలింది భోజనం.

మరుసటి దినం ఉరుకుందప్పకు జిలేబి తెచ్చిస్తి.
ఎందుకని వాడడగలే, నేనూ చెప్పలే.

మళ్ళా ఒకటో దినం.
ఇంటి బయట కొళాయి, ఎర్ర సబ్బు, మోచేతుల దాకా.
పాత బ్రష్షుతో గోర్లు. అంగీ దండెం మీదనే.
మా ఆడది నవ్వె,
"నాకోసం ఒక్కనాడైనా ఇట్ల కడుక్కుంటివా?"

ఎనిమిది వారాలు అయిపాయె. బొచ్చు మొలిచె.
అప్పుడు మేడం ఇంకో మాట చెప్పె:
రుజువు కావల్ల, కోడి ముక్క పెట్టి చూడు.
ఉడకేసి నా చేత్తోనే పెడ్తి.
అది తిన్న తీరు నేను చెప్పలేను.
రెండో దినానికి చెవులు విదిలించె.

చీటీ మీద మూడు మాటలు:
"కోడి పడదు. జన్మంతా."
నయమయ్యేది కాదు, కాచుకునేది, అనె మేడం.
పడదంటే పగ అనుకుంటి నేను ఇన్నాళ్ళు,
మా అన్నకూ నాకూ పడనట్టు.
దీనికేమో ప్రాణం, అయినా పడదు.

ఇప్పుడది ఖలీల్ షాపు అరుగు మీద పండుకుంటాది.
అడ్డరోడ్డు దాటి నన్ను చూస్తాది.
రాత్రి నా చెయ్యి ఒకసారి నాకి,
సబ్బు వగరుకు తుమ్మి, పక్కకు తిరిగి పండుకుంటాది.

నాకే నిద్ర పట్టదు.
రేకుల తలుపు తట్టేటోళ్ళు
ఎవరూ రావడం లేదు.